నాలుగు డిగ్రీల ఉదయం

రానున్న సీజన్‌కు మా చిన్న రేసింగ్ జట్టులో ఉన్నది ఒకటే సీటు. పద్దెనిమిదేళ్లు దాటనివారి కోసం జరిగే పోటీ అది. ఒక్కరు మాత్రమే పట్టే సన్నని కార్లు, ఒంటికి అంటకుండా బయటికి చాచుకున్న చక్రాలు, ఏడాదిలో ఏడు రేసులు. ఆ సీటు కోసం ఇద్దరు నిలిచారు. ఒకరు మా మెకానిక్ కూతురు, రెండోవాడు వేరే జట్టు నుంచి వచ్చిన పొడుగు కుర్రాడు. కుర్రాడికి ఇంకా రెండేళ్ల వ్యవధి ఉంది. అమ్మాయికి ఇదే ఆఖరు ఏడాది.

నేను ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. జట్టు యజమాని ఒకప్పటి నా విద్యార్థిని. "ఇంట్లో గోడ గడియారంతో పోట్లాడే బదులు వచ్చి మా అంకెలు చూడండి మాష్టారూ" అని ఆరేళ్ల కిందట పిలిచింది. అప్పటి నుంచి ల్యాప్ సమయాలు, టైర్ల లెక్కలు, ఇంధనం కొలతలు నావే. రేసుల ప్రపంచం నమ్మకాల పుట్ట. కారును ఎడమవైపు నుంచే ఎక్కేవాళ్లున్నారు, గెలిచిన రోజు తొడిగిన సాక్సులు సీజన్ ముగిసేదాకా ఉతకనివాళ్లున్నారు. నేను ఎవరినీ వెక్కిరించలేదు. సాక్సుల విషయంలో మాత్రం కిటికీ తెరవమని అడిగాను.

మెకానిక్‌కూ నాకూ జట్టుకంటే పాత స్నేహం. అతని కూతుర్ని అందరం మిడత అంటాం. కారు ఆగీ ఆగకముందే అందులోంచి ఒక్క గెంతులో బయటపడుతుంది. వర్క్‌షాపులో నన్ను అందరిలాగే మాష్టారూ అనేది. గేటు దాటగానే పెదనాన్నా అనేది.

సీటు ఎవరిదో తేల్చే పరీక్షకు నియమాలు నేనే రాశాను. కారు ఒకటే, టైర్ల సెట్లు రెండు, చెరి పది ల్యాపులు. పరుగు ముగిసేదాకా తండ్రి చెయ్యి కూతురి టైర్ల మీద పడకూడదన్నది అందులో నాలుగో నియమం. కుర్రాడి టైర్లలో గాలి మెకానిక్ పెడతాడు, కుర్రాడి తండ్రి పక్కన నిలబడి చూసుకోవచ్చు. అమ్మాయి టైర్లు నేను చూసుకుంటాను.

"నా కూతురి టైర్లో నేనేం దాస్తాను మాష్టారూ, రాకెట్టా?" అన్నాడు మెకానిక్.

"దాచవని నాకు తెలుసు. రేపు ఎవరూ అనకుండా ఉండాలి కదా."

"అనేవాళ్లకి నోరుంటే చాలు, నియమాలెందుకు?" అని నవ్వి ఊరుకున్నాడు.

పరీక్ష రోజు ఉదయం మబ్బు కమ్మి ఉంది. బయట నాలుగు డిగ్రీలు. మెకానిక్ ఎప్పటిలాగే కుర్రాడి టైర్లను అరగంట ముందే ఆవరణలోకి దొర్లించి, చలిలో గొంతుక్కూర్చుని గాలి పెట్టాడు. అది అతని అలవాటు. టైరు ఎక్కడ పరుగెడుతుందో అక్కడే కొలవాలంటాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నా వేళ్లు కొంకర్లు పోతుంటే అమ్మాయి టైర్లను లోపల హీటరు పక్కనే ఉంచి, దీపం వెలుగులో, కళ్లద్దాలు తుడుచుకుని మరీ కొలిచాను. గాలి ఒత్తిడి నాలుగింటికీ కచ్చితంగా పదిహేడు పాయింట్లు. అంత శ్రద్ధగా నేను అంతకుముందు ఏదీ కొలిచి ఉండను.

ముందు అమ్మాయి నడిపింది, తర్వాత కుర్రాడు. సగటున ల్యాపుకు సెకనులో అయిదో వంతుకన్నా కొంచెం తక్కువ తేడాతో కుర్రాడు ముందున్నాడు. గాలివాటం, ఇంధనం బరువు, ట్రాకు వేడి, అన్నిటికీ సవరణలు వేసి చూశాను. తేడా అలాగే నిలిచింది.

మిడత హెల్మెట్ చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "కారు మాట వినటం లేదు మాష్టారూ. స్టీరింగ్ తిప్పితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరుగుతోంది. వదులు చెప్పులేసుకుని పరిగెత్తినట్టుంది."

"నీకు అనిపించింది రాసుకుంటాను. అనిపించటం వేరు, కొలత వేరు."

వెనకనే మెకానిక్ వచ్చాడు. వేడి టైర్లలో గాలి ఎంతకు పెరిగిందో రెండు సెట్లకూ చూసి నా పుస్తకంలో రాయడం అతని పని. రాసి పుస్తకం చేతికిస్తూ గొంతు తగ్గించాడు. "ఆ గాలి సంగతి ఒక్కసారి చూస్తారా?"

"పెట్టింది నేనే కదా."

"అందుకే చూడమంటున్నా."

"తండ్రిగా అడుగుతున్నావా, మెకానిక్‌గా అడుగుతున్నావా?" అన్నాను.

నా జీవితంలో వెనక్కి తీసుకోదలచిన వాక్యాలు ఎన్నో లేవు. ఇది వాటిలో మొదటిది. అతను గాలి కొలిచే గేజిని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే కుర్రాడి పేరు ఖాయమైంది. మిడత అతనితో చెయ్యి కలిపి, "మూడో మలుపులో బ్రేకు ఇంకొంచెం ఆలస్యంగా కొట్టు, కారు ఆగుతుంది" అని చెప్పి ఇంటికి వెళ్లింది.

మూడు వారాల తర్వాత, మొదటి రేసు కోసం కొత్త పుస్తకంలోకి పాత అంకెలు ఎక్కిస్తున్నాను. మెకానిక్ రాసిన వరుస కంటపడింది. కుర్రాడి టైర్లు వేడెక్కాక ఇరవై మూడున్నర. అమ్మాయివి ఇరవై ఒకటి. ఒకే కారు, ఒకే ట్రాకు, ఒకే ఉదయం, బయల్దేరినప్పుడు రెండూ పదిహేడే. అలాంటప్పుడు రెండున్నర పాయింట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు తెలియడానికి నిమిషం కూడా పట్టలేదు. వెచ్చటి గదిలో నింపిన గాలి చలిలోకి వెళ్తే కుంచించుకుపోతుంది. దీన్ని ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద రాశాను. సీసా మూతికి బెలూను తగిలించి పిల్లలకు చూపించాను. ఆ అమ్మాయికి నేను పదిహేడు ఇచ్చానన్నది గదిలో మాత్రమే నిజం. ట్రాకు మీద ఆమెకు దక్కింది పదిహేనే. గాలి తగ్గి మెత్తబడ్డ టైర్లతో కారు నిజంగానే ఆలోచించుకుని తిరిగింది.

అది బుధవారం. పోటీ నిర్వాహకులకు మా డ్రైవరు పేరు పంపడానికి గడువు శుక్రవారం సాయంత్రం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఒక్క పేజీని చూసి నిర్ధారణకు రాకూడదనుకున్నాను. అదే టైరును లోపల నింపి, బయట పెట్టి చూడాలి. అందుకు మళ్లీ అలాంటి చలి రావాలి. గురువారం వెచ్చగా ఉంది. శుక్రవారం ముసురు పట్టింది. శనివారం తెల్లవారి అయిదు డిగ్రీలకు పడింది. టైరును బయట పెట్టాను. అరగంటకు గేజి పదిహేను దగ్గరికి వచ్చి నిలిచింది. ఆ మూడు రోజులూ ప్రయోగం చేస్తున్నాననే అనుకున్నాను. నిజానికి భయపడుతూ కూర్చున్నాను.

ఆ రోజే నేను చెప్పింది యజమాని మొత్తం విని, పుస్తకాన్ని రెండుసార్లు చూసింది.

"నిన్న పొద్దున చెప్పి ఉంటే ఇద్దరి చేతా మళ్లీ నడిపించేదాన్ని. కాగితాలు వెళ్లిపోయాయి మాష్టారూ. ఇప్పుడు వాడు కాలు విరగ్గొట్టుకుంటే తప్ప పేరు మార్చనివ్వరు."

"తప్పు నాది. కుర్రాడికి నేనే చెబుతాను."

"వాడికి చెప్పి ఏం సాధిస్తారు? ఏడు రేసులూ ఆ బరువు మోస్తూ నడపాలా? చెప్పాల్సిన చోట చెప్పండి."

చెప్పాల్సిన చోటు రెండు వీధుల అవతల ఉంది. నేను వెళ్లేసరికి మెకానిక్ వంటింట్లో టీ పెడుతున్నాడు. మిడత బల్ల మీద పరీక్షల పుస్తకాలు పక్కకు నెట్టి, హెల్మెట్ అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. ఇక ఆ అద్దంతో పని లేదని తెలిసీ తుడుస్తోంది. నేను కూర్చోకుండానే జరిగింది జరిగినట్టు చెప్పాను, ఆ మూడు రోజులతో సహా.

వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

"నువ్వు రాసినప్పుడే చూశావు కదూ?" అన్నాను మెకానిక్‌తో.

"చూశాను."

"గట్టిగా చెప్పలేదేం?"

"అడిగారుగా మాష్టారూ, తండ్రిగానా మెకానిక్‌గానా అని." అతను మంట తగ్గించాడు. "ఇంకా తేల్చుకోలేదు."

మిడత అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "అయితే నేను చెప్పింది నిజమే. వదులు చెప్పులు."

"నిజమే అమ్మా."

"గాలి సరిగ్గా ఉంటే నేనే ముందుండేదాన్ని కదా పెదనాన్నా?"

దారి పొడుగునా నేను లెక్క వేసింది అదే. రెండు పాయింట్ల గాలికి ఎంత సమయం పోతుందో చెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదయపు కొలతలే ఉన్నాయి. పోయింది సెకనులో పదో వంతు కావచ్చు, పదింట మూడు వంతులు కావచ్చు.

"నువ్వు ఓడిపోయావని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు," అన్నాను. "గెలిచేదానివని చెప్పడానికీ లేదు."

"ఒక్కసారి ఉత్తినే అవును అనకూడదా? ఎవరూ కొలవరు."

అనవచ్చు. ఆ గదిలో ఉన్నది ముగ్గురమే. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా, ఎవరు ఏది నమ్మినా చూసీ చూడనట్టు ఊరుకున్నవాణ్ణి. నోరు తెరిచాను. మళ్లీ మూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఆమె హెల్మెట్‌ను సంచిలో పెట్టి జిప్పు లాగింది. పుస్తకాలను మళ్లీ ముందుకు జరుపుకుంది.

"సరే, మాష్టారూ," అంది.

ఆ ఇంట్లో ఆమె నోట ఆ పిలుపు వినడం అదే మొదటిసారి. మెకానిక్ మూడు కప్పులలో టీ పోసి తెచ్చాడు. నాది చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.