మూడో నంబరు బాయి పిల్లల గది

మొండయ్య పోయి నెల తిరగకముందే అతని భార్య కొమురవ్వకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బొగ్గు బాయిలో పైకప్పు కూలి మొగుడు చనిపోయిన ఆడమనిషికి ఆ రోజుల్లో, అంటే 1958లో, అంతకన్నా మరో మాట చెప్పేవాళ్లు లేరు. ఇద్దరు ఆడపిల్లలు కాలనీ బడిలో చదువుతున్నారు. అత్తగారి ఊళ్లో ఉన్న కాస్త చెలక భూమి ఎప్పుడో దాయాదుల పాలైంది. మంచిర్యాలకు పది మైళ్ల దూరంలో ఉన్న ఆ కాలనీ తప్ప ఆమెకు వేరే ఊరంటూ లేదు.

మొగుడు పోయిన ఆ మూడో నంబరు బాయి మీదే, పైకొచ్చిన బొగ్గులోంచి రాళ్లు ఏరే పనికి కుదిరింది. అక్కడ ముప్పైమంది ఆడవాళ్లు. పాలు తాగే పిల్లలున్నవాళ్లు రేకుల షెడ్డు నీడలో గోనెసంచులు పరిచి పడుకోబెట్టేవారు. మధ్యాహ్నానికి పిల్లల కళ్లు, ముక్కులు బొగ్గుపొడితో నిండిపోయేవి.

ఒకరోజు పోశవ్వ ఆరునెలల కొడుకు ఎంత లేపినా లేవలేదు. పెదవులు నీలిరంగు తిరిగాయి.

"ఏం పెట్టినవే?" అని అడిగింది కొమురవ్వ.

పోశవ్వ తలెత్తలేదు. "ఆవగింజంత నల్లమందు. ఏడిస్తె, పని జేయించే సర్దార్ రేపటిసంది రావద్దంటడు."

కొమురవ్వ పిల్లవాణ్ని లాక్కుని దవాఖాన వైపు పరుగెత్తింది. మైలు దూరం. దారిపొడవునా వాడి అరికాళ్లు రుద్దుతూ, పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. డాక్టరు సాయంత్రందాకా వాణ్ని తన ముందునుంచి కదలనివ్వలేదు. పొద్దుగూకే వేళకు వాడు కళ్లు తెరిచి కేరుమన్నాడు. వెనకే పరుగెత్తుకొచ్చిన పోశవ్వ వాణ్ని గుండెకు హత్తుకుంది.

తిరిగొచ్చే దారిలో కొమురవ్వ అంది. "రేపటిసంది పోరన్ని నాకియ్యి. నేను చూసుకుంట. గా మందు మాత్రం మళ్ల ముట్టకు."

"మరి నీ పని?"

"ఇడిసిపెడత."

"ఏం తిని బతుకుతవ్ అక్కా?"

అది కొమురవ్వ ఇంకా ఆలోచించలేదు. ఆలోచించింది మల్లక్క. రాళ్లు ఏరేవాళ్లందరిలో పెద్దది ఆవిడే. మర్నాడు పొద్దున తల్లులందరూ తలా గుప్పెడు జొన్నలు కొంగున కట్టుకొచ్చారు. తీసుకోడానికి కొమురవ్వ చేతులు ముందుకు రాలేదు. మల్లక్కకు కోపం వచ్చింది.

"గిది బిచ్చమనుకుంటున్నవా? మా కడుపుల భయం నువ్వు మోస్తున్నవ్. నువ్వు జేసేది సుత పనే. పట్టు."

కొమురవ్వ కొంగు పట్టింది.

గడువు ముగిసి క్వార్టరు పోయిన రోజు, బాయి గేటు పక్కన చాయ దుకాణం నడిపే చాంద్‌పాషా భార్య అజీజా వచ్చి సామాన్ల మూట తనే నెత్తికెత్తుకుంది. "మా ఎనక వరండా ఖాళీగనే ఉన్నది. ఫికర్ జెయ్యకు. మొండయ్య మా దుకాణంల చాయ తాగకుండ ఎన్నడు బాయి దిగలే."

ఆ వరండా వాసాలకు పాతచీరల ఊయలలు వెలిశాయి. పోశవ్వ కొడుకు ఒక్కడితో మొదలైంది పదకొండుమంది అయింది. కొమురవ్వ పిల్లల చెవుల్లోంచి నల్లపొడి తుడిచేది, అంబలి తాపేది, పాల వేళకు తల్లులకు కబురు పంపేది. నల్లమందు మాట కాలనీలో వినపడడం మానేసింది.

వానాకాలం వచ్చింది. వరండాలో ఒకటే జల్లు. ఒకరి తర్వాత ఒకరు పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. అప్పుడే కొత్తగా వచ్చిన వెల్ఫేర్ ఆఫీసరు రామచంద్రం చాయకని దుకాణంలోకొచ్చి, వెనక ఏడుపులు విని తొంగిచూశాడు. ఊయలలు లెక్కపెట్టాడు.

"ఆడవాళ్లు పనిచేసే బాయి మీద పసిపిల్లలకు గది ఉండాలమ్మా. అది సర్కారు రూలు. ఇక్కడ కట్టారు కూడా. బాయి దిగేవాళ్లు దీపాలు తీసుకునే గది లేదూ, దాని పక్కన ఇటుకల గది అదే."

"అండ్ల ఇనుప తాళ్లు, ఇరిగిన డబ్బాలున్నయి గద సారూ."

"కాగితం మీద మాత్రం పిల్లల గదే. ఖాళీ చెయ్యమని రాశాను. జవాబు రాలేదు."

"మా పిల్లలదేనా?" అని కొమురవ్వ మళ్లీ అడిగింది. అతను తలూపాడు.

సోమవారం పొద్దున, షిఫ్టు కూత వినపడడానికి ముందే పదకొండుమంది తల్లులు పిల్లలతో వచ్చి ఇటుకల గది ముందు బురదలో వరసగా కూర్చున్నారు. కేకలు లేవు, జెండాలు లేవు. సర్దార్ వచ్చి గదిమాడు. మల్లక్క కదలలేదు. "పని బందు వెట్టలే. తాళం తీస్తె పిల్లల్ని పండవెట్టి పనికెక్కుతం."

చివరికి మేనేజరే వచ్చాడు. ఎవరు ఎగదోశారని అడిగాడు. కొమురవ్వ పోశవ్వ కొడుకును చంకనెత్తుకుని లేచింది.

"ఎవలు ఎగదొయ్యలే దొరా. నా మొగడు గీ బాయిలనే పోయిండు. గా ముచ్చట నేను ఎత్తుతలే. గీ గది పసిపిల్లలదని సర్కారు రాసింది. అండ్ల ఇనుము వెట్టిండ్రు. ఇనుము వానల తడిస్తె తుప్పు వడతది, తోమితె పోతది. వీండ్లు తడిస్తె మాకు మళ్ల దొరకరు."

రాత్రి షిఫ్టు దిగిన మగవాళ్లు బొగ్గుమొహాలతో వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడ్డారు. రామచంద్రం గుంపులోంచి ముందుకొచ్చాడు. "ఆమె చెప్పింది నిజం సార్. నేను రెండుసార్లు రాశాను," అన్నాడు అందరూ వినేలా. కొలువులో చేరి ఆర్నెల్లు కూడా కాని మనిషి.

మేనేజరు కాసేపు పిల్లలవైపు, కాసేపు ఆ నల్లని మొహాలవైపు చూసి, తాళంచెవి తెమ్మని మనిషిని పంపాడు.

తాళ్లూ డబ్బాలూ ఆడవాళ్లే బయటికి మోశారు. అజీజా సున్నం బకెట్టు పట్టుకొచ్చి గోడలకు తనే పూసింది. మధ్యాహ్నం పాల వేళకు తల్లులు నడుచుకుంటూ వచ్చారు. సర్దార్ వాళ్లను చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

రెండు నెలలకు కొమురవ్వను పిల్లల గది ఆయాగా పెట్టుకున్నట్టు కాగితం వచ్చింది. క్వార్టరు కూడా ఇచ్చారు, ఆమె పేరుమీద. ఆ కాలనీలో ఆడమనిషి పేరుమీద వచ్చిన మొదటి క్వార్టరు అదే. కాగితం పెద్దకూతురు గట్టిగా చదువుతుంటే, "జర ఆగు," అని కొమురవ్వ అజీజాను, మల్లక్కను, పోశవ్వను పిలుచుకొచ్చి, మొదటినుంచి మళ్లీ చదివించింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ ముచ్చట వచ్చినా మల్లక్క తనకే క్వార్టరు వచ్చినట్టు చెప్పేది.

ఏడాది తర్వాత, రైలుపట్టాలకు అవతలి బాయి నుంచి తారాబాయి అనే ఆమె, తమ దగ్గర పిల్లల గది తెరవడం లేదని కొమురవ్వను వెతుక్కుంటూ వచ్చింది. ఆదివారం కొమురవ్వ, అజీజా ఆమెతో కలిసి అక్కడికి నడిచి వెళ్లారు. బొగ్గుకుప్ప పక్కన ఇరవైమంది దాకా ఆడవాళ్లు పిల్లలనెత్తుకుని కూర్చుని ఉన్నారు.

"దొరను ఏమని బతిమాలిండ్రు అక్కా?" అంది తారాబాయి.

"బతిమాలలే. మాదని చెప్పినం," అంది కొమురవ్వ.

కింద కూర్చుని, పక్కనున్న ఆమె ఒళ్లోంచి పిల్లను అందుకుంది. దాని ముక్కు పక్కన పేరుకున్న నల్లపొడిని కొంగుతో తుడిచింది.

"ముందుగాల పిల్లలెంతమంది, ఎవలెవలు, పేరుపేరునా చెప్పుండ్రి. ఒక్కొక్కలు."