నీచు వాసన

సూళ్లూరుపేట మార్కెట్టు నుంచి రాగానే రోజారమణి గంప పెరట్లో బోర్లించి నేరుగా నీళ్లతొట్టి దగ్గరికి పోతుంది. శీకాయ, నిమ్మచెక్క, ఆపైన సబ్బు. చేపలమ్మిన ఒంటితో గడప దాటకూడదని ఏ దేవుడూ చెప్పలేదు, మొగుడు సుబ్బు చెప్పాడు. కరోనా జ్వరం నుంచి లేచాక చాన్నాళ్లు అతను పులికాట్ సరస్సులో వల లాగలేకపోతే, ఇల్లు గడవాలని ఆమె గంప ఎత్తుకుంది. ఆ వారంలోనే సుబ్బు ఈ మాట మొదలుపెట్టాడు. "మే, ఆ నీచు కంపుకి నాకు ముద్ద దిగడంలే. అవతల కూర్చోని తిను." అత్త అంకాలమ్మ కూడా "వాడికి కడుపులో తిప్పితే వాడేం చేస్తాడు" అని కొడుకునే వెనకేసుకొచ్చింది. సుబ్బు మళ్లీ పడవెక్కినా ఆమె కంచం వసారాలోనే ఉండిపోయింది. బస్సులో పక్కవాళ్లు కిటికీ తెరిస్తే తన వల్లేనని ముడుచుకుపోయేది. అయినా మొగుణ్ణి ఎవరిముందూ పల్లెత్తు మాట అనలేదు. తాగడు, చెయ్యెత్తడు, కాళ్లు వాస్తే వేణ్నీళ్లు కాచిస్తాడు. ఒక్క మాటే కదా, దిగమింగితే సరిపోతుందనుకుంది.

ఇవాళ చెంబు ముంచబోతూ ఆగిపోయింది. గ్యాసు! వంటింటి కిటికీలోంచి గుప్పుమంటోంది. లోపల సుబ్బు పొయ్యి పక్కనే కూర్చుని, నోట్లో బీడీతో అగ్గిపుల్ల తీస్తున్నాడు. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పొలుసు చేతులతోనే గడప దాటి అగ్గిపెట్టె లాక్కుంది, సిలిండరు కట్టేసింది, తలుపులన్నీ బార్లా తెరిచింది.

"చచ్చిపొయ్యేవాడివి గదయ్యా! ఇంత కంపు నీకు తెలీలేదా?"

సుబ్బు మొహం పాలిపోయింది. "నాకు వాసన తెలీదు మే. ఆ జ్వరంలో పోయింది, మళ్లా రాలే. పడవ మీదోళ్లు నవ్వుతారని ఎవరికీ చెప్పలే."

అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"మరి నా నీచు?"

అతను తల దించుకున్నాడు. "మాయమ్మ చేపలమ్మేటప్పుడు మా నాయన అట్టాగే అనేవాడు. నువ్వు గంపెత్తినావు, నేను ఇంట్లో కూర్చున్నా. ఏదో ఒకటి అనాల గదా."

అనాలట! ఇన్నేళ్లూ చర్మం ఊడేలా రుద్దుకున్నది అతనికి తెలియనే తెలియని వాసనకా? దొరవారిసత్రంలో అక్క దగ్గరికి పోదామనిపించింది. అగ్గిపెట్టె ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఈ మనిషి ఉండేవాడు కాదు. ఈ మనిషి తనకి కావాలి. ఆ మాట మాత్రం వద్దు.

చేతులు కడుక్కుని రెండు కంచాల్లో అన్నం పెట్టింది. తన కంచంతో అతని ఎదురుగా కూర్చుంది.

"నీళ్లు పోసుకోలేదే?" అలవాటుగా అనేశాడు సుబ్బు.

"ఈ ఇంట్లో ఏది కంపో ఇంకమీదట నేను చెప్తా," అంది రోజారమణి. "తిను."