పేజీ మీద క్లిక్ చెయ్యకపోతే

చిలకలగూడలో మందుల షాపు పైన ఉన్న కోచింగ్ సెంటర్‌కి అందరికన్నా ముందు వచ్చేది తిరుమల్ సారే. వచ్చి కిటికీలు తెరుస్తాడు, లాప్‌టాప్ పెట్టి దాని పక్కన రిమోట్ తాలూకు గోరంత రిసీవర్ గుచ్చుతాడు, బ్రౌజర్‌లో స్లైడ్లు తెరుస్తాడు. ఓనరు పద్మనాభం గారు నల్లబల్ల తీయించేసి గోడంత తెర పెట్టించిన దగ్గర్నుంచి పాఠాలన్నీ నెట్‌లోనే ఉంటున్నాయి. గ్రూప్స్ పరీక్షలకు చరిత్ర చెప్పడంలో తిరుమల్‌కి మంచి పేరే ఉంది. ఆ రిమోట్‌తోనే అతనికి పడదు.

ఆ రిమోట్‌కో గుణం ఉంది. పేజీ మీద ఒకసారి క్లిక్ చేసి నొక్కితే స్లైడు మారుతుంది. క్లిక్ చెయ్యకుండా నొక్కితే, నొక్కినవాళ్ల కళ్లు దేని మీద ఉంటే అది ఒక అడుగు ముందుకు జరుగుతుంది. కిందటి వారం తిరుమల్ కిటికీలోంచి చూస్తూ నొక్కితే ఎదురు హోటల్లో చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. హోటలాయన తల బయటపెట్టి, "సార్, జెర క్లిక్ చేసి నొక్కున్రి" అని మళ్లీ పాలు పెట్టుకున్నాడు. అంతకుముందు టేబుల్ మీది అరటికాయలు పండిపోయాయి. పద్మనాభం గారు రెండు తిని బాగున్నాయన్నారు. వెనక్కి బటన్ స్లైడ్లకే తప్ప వీటికి పనిచెయ్యదు. పొంగిన చాయ్ గిన్నెలోకి రాదు కదా.

ఇవాళ తిరుమల్ మనసు మనసులో లేదు. లెక్కలు చెప్పే భవాని మేడంని వరంగల్‌లో కొత్తగా తెరుస్తున్న బ్రాంచికి పంపుతామని పద్మనాభం గారు అన్నారు. వెళ్తుందో లేదో ఇవాళ మధ్యాహ్నంలోగా చెప్పాలి. ఆమె లేని ఈ సెంటర్‌ని తిరుమల్ ఊహించుకోలేకపోతున్నాడు. "పోవద్దు" అన్న ఒక్క మాట ఎన్నాళ్లుగానో అద్దం ముందు సాధన చేస్తున్నాడు. అద్దానికైతే బ్రహ్మాండంగా చెబుతాడు. ఆమె ఎదురుపడగానే మాత్రం, "తిన్నరా మేడం?" అంటాడు. పొద్దున ఆమె వచ్చీ రాగానే కూడా అదే అడుగుతాడు. భవాని తిన్నా తినకున్నా తిన్నాననే చెబుతుంది.

పాఠం కాకతీయులు. తెర మీద ఓరుగల్లు కోట తోరణం. తిరుమల్ నొక్కాడు. తోరణం అక్కడే ఉంది, అతను చూస్తున్న ఫ్యాన్ స్పీడు పెరిగింది. మళ్లీ నొక్కాడు. ముందు వరుసలో హదస్సా పెన్నులో రీఫిల్ అయిపోయింది.

"క్లిక్ చెయ్యలే సార్," అంది హదస్సా బ్యాగులోంచి ఇంకో పెన్ను తీస్తూ.

"చేసిన కదమ్మా?"

"మీరు చేసింది వేరే ట్యాబ్ సార్."

తిరుమల్ ట్యాబులన్నీ వెతికాడు. ఒకదాంట్లో కరెంటు బిల్లు, ఇంకోదాంట్లో వరంగల్ పోయే రైళ్ల టైములు. అది ఎప్పుడు తెరిచాడో, ఎందుకు తెరిచాడో అతనికే తెలియలేదు.

అంతలో భవాని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తర్వాతి క్లాసు ఆమెదే. తిరుమల్ చప్పున కళ్లు దించేశాడు. పొరపాటున ఆమెను చూస్తూ నొక్కితే? ఒక్క అడుగు ముందుకు జరిగితే చాలు, వరంగల్‌లో తేలుతుంది. ఆ భయంతో గచ్చును చూస్తూనే మిగతా పాఠం చెప్పాడు. గణపతిదేవుడు రుద్రమదేవి కొడుకన్నాడు.

"తండ్రి సార్," అంది హదస్సా.

"ఆ, తండ్రే. కొడుకు కాని తండ్రి," అన్నాడు. అందరూ రాసుకున్నారు.

క్లాసు అయిపోయి పిల్లలంతా చాయ్‌కి కిందికి దిగారు. పద్మనాభం గారు తన గదిలోంచి కేకేశారు. "ఏమ్మా భవానీ, వరంగల్ సంగతి ఏం తేల్చుకున్నావు?"

"వస్తున్న సార్, ఒక్క నిమిషం!"

భవాని లోపలికొచ్చి తిరుమల్ చేతిలోంచి రిమోట్ తీసుకుంది. "ఏమన్న చెప్పేదుందా సార్?"

"తిన్నరా మేడం?"

"తిన్న."

"అదే... జెర పరేషాన్‌గా ఉన్నరేమో అని..."

"పరేషాన్ నేనా సార్?"

భవాని తెర వైపు చూసింది, తిరుమల్ వైపు చూసింది. పేజీ మీద క్లిక్ చెయ్యలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అది మరిచిపోయిన మనిషి కాదు. తిరుమల్ మొహంలోకే చూస్తూ నొక్కింది. ఏమీ కాలేదు. ఆ బిల్డింగులో నెట్ నిదానం, పేజీకైనా మనిషికైనా నొక్కింది అందేసరికి కాస్త టైము పడుతుంది. ఆగలేక ఆమె ఇంకోసారి నొక్కింది. రెండు నొక్కులూ ఒక్కసారే అందాయి.

"నేను సుత వస్తా," అన్నాడు తిరుమల్.

అని, ఎవరన్నారా అని వెనక్కి చూశాడు. తను అనాల్సింది ఇది కాదే! అన్నాళ్లు సాధన చేసిన "పోవద్దు" ఏమైపోయింది? నోరంతా వెతుక్కున్నాడు, లేదు. మధ్యలో స్లైడు ఎగిరిపోయినట్టు అది ఎగిరిపోయి, దాని వెనకున్న మాట బయటికొచ్చేసింది. అదీ తన మాటే. ఇన్నాళ్లూ మొదటిది అడ్డంగా కూర్చోబట్టి, వెనక ఇంకోటుందని తనకే తెలియలేదు.

"ఏడికి సార్?"

"వరంగల్‌కు. మీకు తక్లీఫ్ లేకుంటే."

భవాని రిమోట్ టేబుల్ మీద పెట్టింది.

"పోవద్దంటరని భయపడ్డ సార్," అంది. "ఆ పని నాకు కావాలె. చాన రోజుల నుంచి కావాలె. గని మీరు పోవద్దంటే, ఉండిపోయేదాన్ని."

తిరుమల్ రిమోట్ వైపు చూశాడు. ఆ ఒక్క మాట అనుంటే ఎంత పని చేసేవాడు! కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషానికో భయానికో అతనికి తేలలేదు.

భవాని కొంగుతో మొహం తుడుచుకుని ఓనరు గదిలోకి వెళ్లింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. "పోత సార్. ఒక్కదాన్ని కాదు, ఇద్దరం పోతం."

"ఇద్దరేంటమ్మా? రెండోవాళ్లు ఎవరు?" అన్నారు పద్మనాభం గారు.

తిరుమల్ చొక్కా సర్దుకుని ఆ గది వైపు నడిచాడు. ఈసారి ఎవరూ ఏమీ నొక్కలేదు.