మబ్బు రోజు మేత

ఫర్జానాకి పన్నెండు వేల మంది ఫాలోయర్లు. నాకు నాలుగు వందల పదకొండు. ఆ నాలుగు వందల పదకొండులో మా అమ్మ విక్టోరియా ఒకరు, మా చర్చి వాళ్లు ఎనభై మంది దాకా ఉంటారు. నేను ఏం రాసినా వాళ్లు కింద "గాడ్ బ్లెస్ యూ సిస్టర్" అని పెడతారు. బ్రాండింగ్ గురించి రాసినా అంతే, అమ్మకాలు పడిపోవడం గురించి రాసినా అంతే.

ఈ అంకెలు నాకింత బాగా ఎలా తెలుసంటే, రోజూ పొద్దున్నే పళ్లు తోముకోకముందే చూసుకుంటాను. ముందు ఆమెది, తర్వాత నాది. ఆమెకి రాత్రికి రాత్రి ఇరవై మంది పెరిగితే ఆ రోజు ఇంట్లో ఉప్మా మాడిపోతుంది.

ఏలూరులో నీలవేణి ఫీడ్స్ అని చేపల మేత తయారుచేసే కంపెనీ ఉంది. అందులో నేను తొమ్మిదేళ్లుగా మార్కెటింగ్ మేనేజర్‌ని. ఫర్జానా నా కింద చేరి మూడేళ్లయింది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వస్తుంది. చేరిన రోజు ఆమెకి బొచ్చె చేపకీ శీలావతికీ తేడా తెలియదు. బురద గట్టు మీద జారకుండా ఎలా నడవాలో, రైతు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు ఎలా మూసుకోవాలో నేనే నేర్పాను. నేర్పినవన్నీ చక్కగా నేర్చుకుంది. అక్కడే నాకు మండుతుంది.

కిందటేడు మా డైరెక్టర్ గంగాధరరావు గారు మా ఇద్దర్నీ విజయవాడలో రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపారు. ఆన్‌లైన్‌లో మన పేరే ఒక బ్రాండ్‌గా నిలబెట్టుకోవడం ఎలా అన్నది విషయం. "పదేళ్లపాటు విసుగు లేకుండా ఏది చెప్పగలరో అదొక్కటే ఎంచుకోండి" అన్నాడు ట్రైనర్. నేను దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని కింద ఎర్ర గీత కూడా గీశాను. ఫర్జానా ఏమీ రాసుకోలేదు. తిరుగు రైల్లో పల్లీలు తింటూ, "నేను చేసిన తప్పులు చెబుతానండీ మేడం. అవైతే పదేళ్లకి సరిపడా ఉంటాయి కదండీ" అంది. నేను నవ్వాను. పిచ్చిపిల్ల అనుకున్నాను.

ఆ పిచ్చిపిల్ల ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి ఒక్క వీడియో పెడుతుంది. 'ఈ వారం నా తప్పు' అని దాని పేరు. పెదవేగిలో ఎవరో చేపల రైతు ఉన్నాడని విని వెళ్లి, పామాయిల్ తోటల్లో రెండు గంటలు తిరిగి, ఒక్క చేప కూడా కనపడకుండా తిరిగొచ్చింది. అదీ వీడియోనే. దానికి మూడు వేల లైకులు. దారి తప్పితే మూడు వేల మంది మెచ్చుకుంటారని తెలిస్తే నేను ఏనాడో తప్పేదాన్ని.

నేనేమో రామచంద్రరావుపేట స్టూడియోలో మే నెల ఎండల్లో నీలం కోటు వేసుకుని, చేతులు కట్టుకుని ఫొటో దిగాను. రోజుకొక పోస్టు పెట్టాలని నియమం పెట్టుకున్నాను. విజయానికి ఐదు మెట్లు, నాయకత్వానికి ఏడు సూత్రాలు. ఇరవై రోజులకి మెట్లు అయిపోయాయి, నెలకి సూత్రాలు అయిపోయాయి. తర్వాత అవే మెట్లని కింద నుంచి పైకి రాశాను. ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు.

ఇలా ఉండగా గంగాధరరావు గారు మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. బ్రాండ్ హెడ్ అని కొత్త పోస్టు ఒకటి వస్తోందన్నారు. "మీ ఇద్దరిలో ఒకరికేనమ్మా. నెలాఖరున రైతుల సదస్సులో అందరి ముందూ చెబుతాను. రైతులు ఎవరి మాట వింటారో చూసి ఇస్తాను" అన్నారు. అంటూ ఫర్జానా వైపు చూశారు. నా తొమ్మిదేళ్లు ఆ గదిలో ఎక్కడా ఆయనకి కనపడలేదు. ఆ పోస్టు నాకు కావాలి. అంతకంటే ఎక్కువగా, అది ఆమెకి రాకూడదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఆ వారం ఆమె గురువారం వీడియో రాకముందే నాది వెళ్లిపోవాలనుకున్నాను. బుధవారం పొద్దున్నే కంపెనీ కారు వేసుకుని కొల్లేటికోట దారిలో ఎజ్రా గారి చెరువుకి వెళ్లాను. ఎజ్రా గారు మా చర్చి పెద్ద. చెరువు కౌలుకి చేస్తారు. మా మేత మొదటి ఏడాది నుంచీ వాడుతున్నారు.

మా వైపు చేపలకి మేత ఎలా పెడతారో చెప్పాలి. సంచులకి చిల్లులు పెట్టి, తవుడూ నూనె చెక్కా కలిపిన మేత నింపి, చెరువులో పాతిన వెదురు గడలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. గంటా రెండు గంటల్లో సంచి ఖాళీ అయితే చేప ఆరోగ్యంగా ఉన్నట్టు, మేత నచ్చినట్టు. నా వీడియో ఇదే. నిండు సంచి కట్టడం, ఖాళీ సంచి విప్పడం, మధ్యలో నేను.

ఎజ్రా గారు ఆకాశం వైపు చూశారు. "మబ్బుగా ఉందండీ మేడం గారూ. ఇవాళ మేత కట్టకూడదండీ" అన్నారు.

"కెమెరా కోసమేనండీ. రెండు సంచులు చాలు."

"మీరు చెబితే కడతాను గానండీ, నోరు పెట్టవు."

నాకు తెలియదా? మబ్బు పడితే నీటిలో గాలి తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి తప్ప మేత ముట్టవు. తినని మేత కుళ్లి ఉన్న గాలి కూడా పోతుంది. అందుకే మబ్బు రోజు కొల్లేటి చెరువుల మీద ఎవరూ సంచి కట్టరు. అన్నీ తెలిసే కట్టించాను. గంటన్నర కూర్చున్నాం. ఎజ్రా గారు పడవ మీద వెళ్లి సంచి పైకెత్తారు. కట్టినప్పుడు ఎంత బరువుందో అంతే ఉంది.

"మూతి విప్పి ఒంపేయండి" అన్నాను.

ఆయన నా వైపు ఒక నిమిషం చూశారు. ఏమైనా అని ఉంటే మానేసేదాన్నేమో. సంచి తిరగేసి నీళ్లలో ఒంపి, ఖాళీది తెచ్చి నా చేతికిచ్చారు. నేను దాన్ని కెమెరా ముందు దులిపి చూపించాను. "చూశారా అండీ, గంటలో ఖాళీ. మన చేపలకి ఏది ఇష్టమో అవే చెబుతున్నాయి."

మధ్యాహ్నం పెట్టాను. సాయంత్రానికి చూసినవాళ్లు నలభై వేలు. గురువారం తెల్లారేసరికి నాకు పద్నాలుగు వేల మంది. ఫర్జానాని దాటేశాను. ఆ పొద్దున ఉప్మా మాడలేదు. మంచి చీర కట్టుకుని ఆఫీసుకి బయలుదేరాను. ఆటోలో కూర్చున్నాక, జనం ఏమని మెచ్చుకుంటున్నారో చూద్దామని కామెంట్లు తెరిచాను.

"మేడం గారూ, ఒకసారి పైకి కూడా చూడండి, మబ్బుంది."

"వెనకాల నీళ్ల మీద తవుడు తెట్టు కట్టిందండీ. చేపలు ఉపవాసంలో ఉన్నాయాండీ?"

"ఎజ్రా గారూ, మీరు కూడానా?"

ఆ మూడోది చదివాక ఫోను ఒళ్లో బోర్లా పెట్టేశాను. మళ్లీ తీశాను. కైకలూరు నుంచి, ఆకివీడు నుంచి, నేను పేరు పెట్టి పిలిచే రైతులు నవ్వుతున్నారు. పద్నాలుగు వేల మందీ నన్ను చూసి నవ్వడానికే వచ్చారు. అన్నిటికంటే కింద మా అమ్మ, "గాడ్ బ్లెస్ యూ తల్లీ" అని పెట్టింది.

వీడియో తీసేశాను. అప్పటికే వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. గంగాధరరావు గారు ఫోన్ చేసి, "ఏంటమ్మా ఇది" అని ఒక్క మాట అని పెట్టేశారు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

సాయంత్రం ఆరు కోసం ఎదురుచూశాను. ఫర్జానా నన్ను వదలదని తెలుసు. వదలకూడదనే కోరుకున్నాను కూడా. నలుగురి ముందూ నన్ను ఉతికేస్తే, ఆమె మీద ఇన్నాళ్లుగా నాకున్న మంటకి ఒక న్యాయం దొరుకుతుంది.

ఆరయింది. రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చుని మాట్లాడుతోంది. "ఈ వారం నా తప్పు కొత్తది కాదండీ, మూడేళ్ల కిందటిది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. మబ్బు రోజున ఒక రైతుగారి చేత పదకొండు సంచులు కట్టించేశానండీ. మా జ్యోత్స్న మేడం సంగతి తెలిసి వచ్చి, చీర పైకి దోపుకుని పడవెక్కి, నన్ను కూడా ఎక్కించి, పదకొండూ విప్పించారండీ. మబ్బు రోజు మేత కట్టకూడదని నాకు నేర్పింది ఆవిడే. అంతేనండీ."

నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. పడవలో ఈ పిల్ల భయంతో నా కొంగు పట్టుకోవడం, నేను కసురుకోవడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అది నా కథ. అలాంటివి నా దగ్గర వంద ఉంటాయి. వాటిని వదిలేసి నేను మెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇప్పుడు నా కథని ఆమె చెప్పింది, లక్ష మంది చూశారు. దయతో చెప్పిందా, తెలివితో చెప్పిందా? రెండూ అయి ఉంటాయి. నా సిగ్గు కూడా ఆమెకి ఒక గురువారానికి పనికొచ్చింది. ఏడుపు వచ్చింది. అందులో పశ్చాత్తాపం ఎంతో, కడుపుమంట ఎంతో నేను చెప్పలేను.

శుక్రవారం ఎండ కాసింది. ఎజ్రా గారి దగ్గరికి వెళ్లాను. "చేపలకేం కాలేదండీ. టీ కొట్టు దగ్గర మాత్రం నన్ను పారబోత ఎజ్రా అంటున్నారు. నాలుగు రోజులు అంటారండీ, అంతే" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నాకు టీ ఇమ్మని ఇంట్లో చెప్పలేదు. అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. సదస్సుకి తప్పకుండా రమ్మని బతిమాలి వచ్చాను.

సదస్సు ఏలూరులో ఒక కల్యాణ మండపంలో. పోస్టు ఫర్జానాకే వచ్చింది. ఆమెని వేదిక మీదకి పిలిచి నాలుగు మాటలు చెప్పే పని నాకు అప్పగించారు. మైకు పట్టుకున్నాను. ఎదురుగా నాలుగు వందల మంది రైతులు. ఎవరి ఫోన్లో నేను లేను? మొదటి మాట నోట్లోంచి వచ్చేలోపు వెనక వరసలోంచి ఎవరో మర్యాదగా లేచి నిలబడ్డారు.

"మేడం గారూ, బయట మబ్బు పట్టిందండీ. భోజనాలు పెట్టించమంటారా?"

మండపం అంతా గొల్లుమంది. గంగాధరరావు గారు తల దించుకున్నారు. ఎజ్రా గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"వద్దండీ" అన్నాను. "పెడితే మీరు ముట్టరు. నేను పారబోయాలి. దానికి మళ్లీ ఎజ్రా గారినే పిలవాలి. ఆ రోజే ఆయన వద్దన్నారండీ. ఆకాశం చూసి మరీ చెప్పారు. వినంది నేను."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. చప్పట్లు కూడా కలిశాయి. పక్కనున్నవాళ్లు ఎజ్రా గారి భుజం తట్టారు. నేను ఫర్జానాని పిలిచి, శాలువా కప్పి, దిగిపోయాను. దిగీ దిగగానే రైతులు చుట్టూ మూగారు. "మేడం గారూ, ముసురు నాలుగు రోజులు ఉంటే ఎట్లాగండీ?" అని ఒకరు, "మా చెరువుకి ఒకసారి రండి" అని ఇంకొకరు. వేదిక మీద ఫర్జానా ప్రసంగం సాగుతోంది. సగం మంది నా వైపు తిరిగి ఉన్నారు.

భోజనాల దగ్గర ఫర్జానా పళ్లెం పట్టుకుని నా పక్కకి వచ్చింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"మేడం, ఆ మాట ముందే అనుకుని వచ్చారాండీ?"

"లేదు. అప్పటికప్పుడు వచ్చింది."

ఆమె మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. "నేను గురువారం వీడియో పదిసార్లు రాసుకుంటేగానీ చెప్పలేనండీ" అంది, అన్నం కలుపుతూ. తర్వాత నా చుట్టూ చేరినవాళ్ల వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున్నే పళ్లు తోముకోకముందు నా కళ్లల్లో ఉండేది అదే.

నీకూ వస్తుందిలే ఫర్జానా, మూడేళ్లే కదా అయింది అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. ఆ ఒక్క మధ్యాహ్నం ఆ మాటని నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

"పెరుగు వేయించుకో" అన్నాను.