నీలం క్రేను

ఆఫీసులో నన్ను కత్తెర అంటారు. వార్తల చానెల్లో వీడియోలు కత్తిరించి అతికించడం నా పని. పద్నాలుగేళ్లుగా అదే చేస్తున్నాను కాబట్టి తెర మీద కనిపించేదేదీ నమ్మను. నమ్మకపోవడం వేరు, పని మానెయ్యడం వేరు. జీతగాడికి రెండోది కుదరదు.

సముద్రం అవతలి దేశంలోకి పెద్ద దేశం సైన్యం దిగి అప్పటికి ఆరు రోజులు. యుద్ధం అనకూడదట, ‘శాంతి చర్య’ అనాలట. ఎవరు చెప్పారో అడక్కండి, కాగితం మీద వచ్చింది. మా బావ, అంటే అక్క భర్త, అక్కడి రేవులోనే క్రేను నడుపుతాడు.

ఆ ఉదయం సైన్యం ప్రచార విభాగం నుంచి నలభై సెకన్ల వీడియో వచ్చింది. ప్రశాంతమైన రేవు, ఓడలు, ఎగిరే పక్షులు. తేదీ లేదు. మా దగ్గరొక పద్ధతుంది: తేదీ లేని వీడియో ఈరోజుదే. నేనే మూలన ‘ఈ ఉదయం’ అని వేసి, కింద ‘రేవు సురక్షితం’ అని తగిలించి పంపేశాను. టీ తాగడానికి పోయాను.

టీ సగంలో ఉండగా అక్క ఫోన్.

“ఒరే తమ్ముడూ, టీవీలో చూశాన్రా! నిన్నట్నుంచి ముద్ద దిగలేదు, ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఆఖరి బస్సంట, సరిహద్దు దాటిస్తారంట. దార్లో బస్సుల మీద కాలుస్తున్నారనీ అంటున్నారు. ఎక్కాలా వద్దా అని మీ బావ ఊగిసలాడుతున్నాడు. రేవు బాగానే ఉందిగా, కదలొద్దని చెప్పెయ్యనా?”

“పది నిమిషాలు ఆగక్కా. ఏమీ చెప్పకు.”

గదిలోకొచ్చి ఆ నలభై సెకన్లూ మెల్లగా జరుపుతూ చూశాను. ఇరవై రెండో సెకనులో, ఎడమ పక్కన, నీలం రంగు క్రేను నిటారుగా నిలబడి ఉంది. ఆ క్రేనుని పోయినేడాది ముక్కలుగా విప్పింది మా బావే. పదహారేళ్లు దాని మీదే పనిచేశాడు. విప్పిన ముక్క మీద కూర్చుని ఫొటో తీయించుకుని, “మా ముసలి గుర్రాన్ని సాగనంపాం” అని రాసి నాకు పంపాడు.

ఆ ఫొటో తీసుకెళ్లి డెస్కు ఇన్‌ఛార్జికి చూపించాను.

“సార్, ఇది ఏడాది పైబడ్డ వీడియో. తీసేద్దాం. కనీసం ‘ఈ ఉదయం’ అన్నదైనా చెరిపేద్దాం.”

ఆయన గోడ మీద వరసగా ఉన్న మిగతా చానెళ్ల తెరలు చూపించాడు. అన్నిట్లోనూ అదే రేవు.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వ్యవహారం. వాళ్లు తీస్తే మనమూ తీద్దాం. పో.”

పోయాను. అంతకుమించి గొడవపడలేదు. ఈ సంగతి దాచుకోను.

ఆ వీడియో పాతదని అక్కకి చెప్తే మండిపడింది. “మీ టీవీలోనే వేశారు కదరా!”

“వేసింది నేనే తల్లీ! అందుకే చెప్తున్నా, నమ్మకు. బావని బస్సెక్కమను.”

అక్క బావకి ఫోన్ చేస్తే కలవలేదు. నేను చేసినా కలవలేదు. రెండయింది, మూడయింది. నా వీడియో మాత్రం గంటకి నాలుగుసార్లు తిరుగుతూనే ఉంది.

నాలుగున్నరకి బావే చేశాడు, సరిహద్దు దాటాక. ఆ గొంతు వినగానే సిగ్గు లేకుండా ఏడ్చాను.

“ఏం బామ్మర్దీ! నేను చేతులారా విప్పి పడేసిన క్రేనుని మీ టీవీ మళ్లీ నిలబెట్టిందేంట్రా! అది ఫోన్లో చూసే బస్సెక్కా. రేవు నిజంగా బాగుంటే పాత బొమ్మ వెయ్యాల్సిన ఖర్మేంటి?”

“నీతోపాటు గదిలో ఉండేవాళ్లు? వాళ్లూ ఎక్కారా?”

“నలుగురూ కొత్తవాళ్లురా, ఈ ఏడే చేరారు. ఆ క్రేనుని వాళ్లు చూసుంటేగా! నేను చెప్తే, ‘ఈ ఉదయం అని రాసుంది కదన్నా, నీకు చాదస్తం’ అని నవ్వి ఉండిపోయారు. మేం బయల్దేరిన గంటకి రేవు వైపు పొగ లేచింది. ఫోన్లు ఎత్తట్లేదు. ఆ ‘ఈ ఉదయం’ ముక్క రాసిందెవడ్రా?”

“కనుక్కుంటా బావా,” అన్నాను.