చంకకర్రకు ఎర్ర రిబ్బను

ఇరవై రెండేళ్ళుగా హెస్టర్ మార్చి నెల ఆఖరి ఆదివారం తన పాకం కొట్టం తలుపులు బార్లా తెరిచి ఊరందరినీ పిలుస్తోంది. వెర్మాంట్ కొండల్లో మేపుల్ చెట్ల రసం కాచి తీపి పాకం తీసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, హెస్టర్ కొట్టం కిటికీకున్న పేరు వేరు. పాకం కాచిన ప్రతి రోజూ ఒక చిన్న సీసా నింపి ఆ కిటికీలో వరసగా పెడుతుంది. రోజులు గడిచేకొద్దీ పాకం రంగు ముదురుతుంది కాబట్టి, మొదటి సీసా లేత బంగారు రంగులో ఉంటే, చివరిది కాఫీ డికాషన్‌లా ఉంటుంది. కిందటేడు పంతొమ్మిది సీసాలయ్యాయి. వచ్చినవాళ్ళు ముందు ఆ కిటికీని పలకరించి, తర్వాత హెస్టర్‌ని పలకరిస్తారు.

ఈ ఏడు నాలుగే సీసాలు.

ఫిబ్రవరిలో, ఇంకో వారంలో రసం కోసం చెట్లకు తూట్లు వేస్తారనగా, హెస్టర్ ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళి ఐసు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. అడవిలో పని చేస్తూ పడినా కాస్త గౌరవంగా ఉండేది. ఆ రోజు డబ్బాలో ఉన్నది ఒక్క విత్తనాల కేటలాగు. మొత్తం రెండొందల నలభై చెట్లు. ఆడపడుచు ఆర్లీన్ వచ్చి నలభై చెట్లకు బకెట్లు తగిలించింది. పాపం, అంతకంటే ఆమె వల్ల కాలేదు.

ఇక హెస్టర్ తనను తాను తిట్టుకోని పూట లేదు. "అరవై మూడేళ్ళొచ్చాయి, సరిగ్గా నడవడం చేతకాదు" అని పొయ్యితో చెప్పుకునేది. పొయ్యి మాత్రం ఏం చేస్తుంది, వినేది.

ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా, కొట్టంలో పొయ్యి పక్కన కూర్చుని, ఆర్లీన్ చేతికి ఒక చెక్కపలకా రంగు డబ్బా ఇచ్చింది.

"దీని మీద 'ఈ ఏడు లేదు, క్షమించండి' అని రాసి రోడ్డు పక్కన పెట్టు."

"ఎందుకు లేదు వదినా? పాకముంది, మంచుంది. డోనట్లు నేను వేస్తాను. ఊరబెట్టిన దోసకాయలు జాడీ నిండా ఉన్నాయి. కుర్చీలో కూర్చుని పెత్తనం చెయ్యడం నీకేమన్నా కొత్తా?"

"నాలుగు సీసాలు పెట్టుకుని జనాన్ని పిలుస్తారా ఎవరైనా? నాకు సిగ్గుగా ఉంది ఆర్లీన్."

ఆర్లీన్ పలక పక్కన పడేసి, ఒక ఖాళీ బకెట్టూ తూటు వేసే బరమా తీసుకుని, గుమ్మం పక్కనున్న పెద్ద చెట్టు దగ్గరికి నడిచింది.

"ఆగు! దాని జోలికి పోకు!" హెస్టర్ చంకకర్ర అందుకుని లేవబోయింది. "ఎర్ర రిబ్బను కనబడట్లేదా? డిసెంబర్ తుఫానుకి దాని కొమ్మలు సగం విరిగిపోయాయి. ఉన్న రసం దానికే కావాలి."

దెబ్బ తిన్న చెట్టుకు రిబ్బను కట్టి ఏడాది పాటు వదిలెయ్యడం ఆ ఇంట్లో మామగారి నాటి నియమం. అది ఆర్లీన్‌కి తెలియనిదేం కాదు.

"అవునా? మరి క్షమించమని అదేం బోర్డు పెట్టలేదే?"

హెస్టర్ ఆ రిబ్బను వంక చూసింది. ఆ చెట్టుకు రిబ్బను కట్టినప్పుడు బెరడు నిమిరి, "ఫర్వాలేదే తల్లీ, నువ్వు కోలుకో, చాలు" అన్నది తనే. ఈ ఆరు వారాల్లో అంత మంచి మాట తనకు తాను ఒక్కటీ చెప్పుకోలేదు. ముందు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"నీ నోటికి తాళం వెయ్యాలే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "సొరుగులో రిబ్బను మిగిలుంటుంది, ఇలా పట్రా."

ఆదివారం జనం ఎప్పటిలాగే వచ్చారు. పళ్ళేల్లో మంచు మీద వేడి పాకం పోసి, తీగలుగా గట్టిపడగానే ఫోర్కులకు చుట్టుకుని తిన్నారు. తీపి వెగటైతే దోసకాయ కొరికి మళ్ళీ మొదలెట్టారు. హెస్టర్ కాలు పీట మీద పెట్టుకుని, డోనట్లు సరిగ్గా వేగలేదని ఆర్లీన్ మీద కేకలేస్తూ హాయిగా కూర్చుంది.

కొండ అవతల పాకం కాచే ముసలి ఆల్డెన్ కూడా వచ్చాడు. ఎదుటివాళ్ళ పాకానికి వంక పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. కిటికీ దగ్గర నిలబడి సీసాలు లెక్కపెట్టాడు. ఎక్కువసేపు పట్టలేదు.

"నాలుగేనా హెస్టరమ్మా?"

"నాలుగే," అంటూ హెస్టర్ చంకకర్ర పైకెత్తి చూపించింది. పిడి కింద ఎర్ర రిబ్బను ముడి వేసి ఉంది.

అరవయ్యేళ్ళుగా చెట్ల మధ్య తిరిగి, ఆ ఇంటి రిబ్బను సంగతి ఎరిగిన మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆల్డెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అంత మంచి చెట్టుకి ఒక ఏడు చాలకపోతే, రెండేళ్ళైనా వదిలెయ్యొచ్చు," అన్నాడు. "తొందరపడకు."

హెస్టర్ అలాగేనని తల ఊపి, ఇంకో పళ్ళెం మంచు తెమ్మని ఆర్లీన్‌ని కేకేసింది.