గడప ముందు బూడిద

మారప్పను మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాటతో పిలిచేవాళ్లు. సర్కారు కాగితాల్లో అతను తలారి. చేలు పండే కాలంలో కావలోడు. ప్లేగు వచ్చిన ఏడాది పుంగనూరు నుంచి వచ్చిన హెల్త్ ఇనస్పెక్టరు వాచ్‌మన్ అన్నాడు. మారప్ప దేనికైనా పలికేవాడు.

ఐదుగురు పోయాక ఊరు ఖాళీ చేశారు. ఐదోవాడు మునసబు గోపాలస్వామి తమ్ముడు. మదనపల్లె ఆసుపత్రికి బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. జనమంతా ఇళ్లకు తాళాలు వేసి, తూర్పున మిట్ట మీద కొట్టాలు వేసుకున్నారు. వరుసగా పది దినాలు ఎక్కడా ఎలుక చచ్చి పడకపోతేనే తిరిగి రావాలని ఇనస్పెక్టరు చెప్పిపోయాడు. అంతవరకు ఎవరినీ లోపలికి పోనివ్వకుండా ఊరి మొదట్లో మారప్పను నిలబెట్టింది మునసబే.

మారప్ప రోజూ సాయంత్రం ప్రతి గడప ముందూ జల్లెడ పట్టిన బూడిద చల్లేవాడు. తెల్లవారి వీధులన్నీ తిరిగి దాన్ని చూసుకునేవాడు. ఎలుక నడిచినా, మనిషి నడిచినా అందులో తెలిసిపోతుంది. ఎలుక పడని దినానికి ఒక గులకరాయి చొప్పున ఊరి మొదట్లో బండ మీద పెట్టాడు. తొమ్మిది రాళ్లయ్యాయి.

ఆ రాత్రి మంచి వాన పడింది.

తెల్లవారి చూస్తే మునసబు ఇంటి పంచలో, తడి తగలని బూడిదలో, ఎలుక అడుగులు కనబడ్డాయి. తిన్నగా లేవు. అటూ ఇటూ తూలిపోయి గడప దగ్గర ఆగాయి. ఎలుక అక్కడే చచ్చి పడి ఉంది.

చుట్టూ ఎవరూ లేరు. వానకు నేల విత్తడానికి పదునెక్కింది. ఊరందరి విత్తనం శెనిక్కాయలు ఆ తాళాల వెనకే ఉన్నాయి. తన రెండెకరాల తలారి మాన్యానికి దాచుకున్నవీ అక్కడే. చీపురు ఒక్కసారి ఆడిస్తే పదో రాయి పెట్టేయొచ్చు.

ఎలుక మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టి వచ్చేశాడు. కాల్చుదామంటే ముళ్లకంపంతా తడిసి ఉంది. యుద్ధం వచ్చినప్పటి నుంచి కిరసనాయిలు దీపానికే దొరకడం లేదు. కంపను ఎండలో పరిచి తన చోటికి పోయి నిలబడ్డాడు.

కాసేపటికి మునసబు తాళంచెవి పట్టుకుని వచ్చాడు.

“పక్కకు జరుగు మారప్పా. ఈ పొద్దుతో పది.”

“కాలేదు సామీ. ఎలక పడుండాది.”

“యాడ?”

“మీ గడపలోనే.”

“ఊళ్లో ఇన్ని ఇండ్లుంటే దానికి నా ఇల్లే దొరికిందా?”

“మీ ఇంట్లో గింజలెక్కువ సామీ.”

మునసబు నవ్వలేదు. “ఏదీ, సూపించు.”

“మిమ్మల్ని ఆడికి పోనీను. దాన్ని ఈడికి తేను.”

“మరి నేనెట్ల నమ్మేది?”

మారప్ప చేతికర్రను దారికి అడ్డంగా పెట్టాడు.

“పదును మూడు దినాలుంటాది. అది పోతే ఊరంతా ఏం తింటాది? నిన్ను ఈడ పెట్టింది నేను. నన్నే ఆపుతావా?”

“ఎవుర్నీ పోనీయొద్దన్నారు గదా. మీరు తప్ప అని చెప్పలేదు.”

“ఆ బిళ్ల తీసి ఈడ పెట్టు.”

భుజం మీది పట్టీకి ఉన్న ఇత్తడి బిళ్లను మారప్ప ఊడదీసి బండ మీద, తొమ్మిది రాళ్ల పక్కన పెట్టాడు. కర్రను మాత్రం దారికి అడ్డంగానే ఉంచాడు.

“ఇంగ నువ్వు తలారివి కాదు. జరుగు.”

“తలారిని కాకపోతే పాయె సామీ. ఎలక ఆడనే ఉండాది.”

మునసబు ఒక అడుగు వేశాడు. కర్ర అతని పంచెకు తగిలింది. మారప్ప కర్ర దించలేదు.

“మీ తమ్ముణ్ని బండెక్కించింది నేనే సామీ. ఇంకొకర్ని ఎక్కించలేను.”

మునసబు బిళ్ల తీసుకుని వెనుదిరిగాడు.

మధ్యాహ్నానికి కంప ఎండింది. మారప్ప దాన్ని మునసబు ఇంటి ముందు కుప్ప వేసి, ఎలుకను గంపతో సహా కాల్చేశాడు. మిట్ట మీద కొట్టాల దగ్గర జనం లేచి నిలబడి ఆ పొగ ఎక్కడి నుంచి లేస్తున్నదో చూశారు. మునసబు కూడా చూశాడు.

పొద్దు వాలేటప్పుడు మునసబు భార్య నాగరత్నమ్మ సంగటి తెచ్చి, రోజూ పెట్టే చోటే బండ మీద పెట్టింది. కొంగుముడి విప్పి బిళ్ల కూడా పెట్టింది.

“ఆయప్ప ఇచ్చి రమ్మన్నాడు. బండి బి.కొత్తకోటకు పోయిండాది. విత్తనం దొరికితే సగం చేలన్నా పడతాయి.”

“మంచిది తల్లీ.”

“నీ మాన్యానికి విత్తనం సంగతి అడిగినా. ఏం మాట్లాడలా. మళ్లీ అడుగుతాలే.” ఆమె తన ఇంటి కప్పు వైపు చూసింది. “మళ్లీ ఒకటి నుంచేనా?”

“ఒకటి నుంచే.”

“గూట్లో మా మరిది ఫోటో ఉండాది మారప్పా. అదొక్కటీ తెచ్చిస్తావా?”

“ఇంకా పది దినాలు ఆడనే ఉండనీ తల్లీ.”

ఆమె వెనుదిరిగింది. ఆమె మిట్ట ఎక్కేదాకా ఆగి, మారప్ప బండ దగ్గరికి వచ్చాడు. తొమ్మిది రాళ్లనూ చేత్తో కిందికి తోసేశాడు. సంగటి తిన్నాడు. బిళ్ల తగిలించుకుని, జల్లెడా బూడిద తట్టా తీసుకుని మొదటి ఇంటి వైపు నడిచాడు.